సందులో సగం

మూతపడ్డ లాడ్జి వేలంలో కొన్న డీజిల్ బాయిలర్
మూడు రోజులుగా మా మెట్ల కింద కూర్చుంది,
టికెట్ లేకుండా దొరికిన ప్రయాణికుడిలా.
సవరియప్ప చెవి మీంచి పెన్సిల్ తీశాడు.
కన్నడం తిరగమోత పెట్టిన తెలుగులో అన్నాడు:
"నీళ్ళు కాచేది ఇది చూసుకుంటాదమ్మా.
పొగ ఎట్ల పోవాల, అది మీరు చెప్పాల."

ఇన్నేళ్ళలో పొగ నన్ను ఏదీ అడగలేదు.
హండా కింద కొబ్బరి మట్టలు రాజేస్తే
దాని ఇష్టం వచ్చిన చోటికి పోయేది, ఎక్కువగా నా కళ్ళలోకి.

గోడ మీద బొమ్మ గీశాడు.
గొట్టంలో గొట్టం: బయటిది గాలి పీలుస్తుంది,
లోపలిది పొగ వదుల్తుంది,
ఇంట్లో గాలిని ముట్టుకోదు.
అడ్డంగా వేస్తే గోడ దాటి సందులోకి.
సగం రోజు పని, పద్నాలుగు వేలు.
నిలువుగా వేస్తే స్లాబు తొలిచి, డాబా మీద మనిషెత్తు దాకా.
ఇరవై ఏడు. "ఆలోచన చేయండి" అని
టీకి పోయాడు కమ్మనహళ్ళి మెయిన్ రోడ్డు మీదికి.

మునిరత్నం వేళ్ళు మడిచాడు.
"పదమూడు వేలు తేడా. సందులో సగం మనదే కదా."

మూడడుగుల సందు.
అవతలి గోడలో లిన్సీ కిటికీ.
రాత్రి డ్యూటీ దిగి ఏడున్నరకి వస్తుంది,
బూట్లు కిటికీ కింద విప్పి, నీలం పరదా లాగి పడుకుంటుంది.
మా బాయిలర్ మండేది ఐదు నుంచి ఎనిమిది.

రెండేళ్ళ కింద, డిసెంబరు.
పైన అద్దెకుండే ధరణేశ్ చలికి ఓర్వలేక
బాత్రూమ్ వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టుకున్నాడు.
లోపల గ్యాస్ గీజర్. నీళ్ళు పోతూనే ఉన్నాయి,
పాట ఆగిపోయింది.
తలుపు విరగ్గొట్టేసరికి చెవుల మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు.
వాసన లేదు. రంగు లేదు. అదే వింత,
చంపబోయింది ఏదో చూపించడానికి ఏమీ లేదు.
సందు దాటి పరుగెత్తుకొచ్చి అతని రొమ్ము మీద
రెండు చేతులూ వేసి లెక్కపెట్టింది లిన్సీ, మలయాళంలో.
బతికాడు. హుబ్బళ్ళి వెళ్ళిపోయాడు.
ఫోన్ నెంబర్లు మాత్రం గుర్తుండవట.

"సందులో సగం మనదే," అన్నాను మునిరత్నంతో,
"పొగకి సగం తెలీదు."
అతను వేళ్ళు విప్పాడు. ఏమీ అనలేదు.
నా సన్న గొలుసు మార్వాడీ కొట్టుకి పోయింది,
అది వేరే సంగతి.

స్లాబు తొలిచేటప్పుడు ఇల్లంతా పళ్ళు కొరికింది.
మా నాన్న వేయించిన స్లాబు. ఆ రోజు వానొస్తే
పరుపులూ దుప్పట్లూ కప్పి కాపాడాడంటారు.
మధ్యలో కమ్మీ తగిలింది. సవరియప్ప ఎవరినో
తమిళంలో తిట్టాడు. బహుశా మా నాన్ననే.
చివరికి బెల్లం అచ్చులా ఊడిపడింది కాంక్రీటు ముద్ద:
పక్కన కోసిన నల్ల గులకరాయి, కొత్త రూపాయిలా
మెరిసే కమ్మీ చివర, ఇంత పురికొస.
మా నాన్న దాచిన వస్తువులన్నిట్లోకీ
నాకు దొరికింది ఇదొక్కటే.
దోసెపిండి గిన్నె మూత మీద బరువుగా పెట్టుకున్నాను.

మొదటి ఉదయం డాబా ఎక్కి చూశాను.
గొట్టం కొస మీద తెల్లగా ఒక ఊపిరి,
కేబుల్ వైర్ల మీదుగా లింగరాజపురం వైపు సాగి
అక్కడెక్కడో లేకుండా పోయింది.
అక్కడ ఎవరి కిటికీ ఉందో నాకు తెలీదు.
తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

కింద, నీలం పరదా.
పరదా వెనక కిటికీ తెరిచే ఉంది.

సవరియప్ప వానటోపీ బిగించడం మర్చిపోయాడని
మాకు శనివారం రాత్రి తెలిసింది,
మెట్ల కింద టప్, టప్ అని.