తీర్చడం

లింగిచెట్టి వీధిలో, మేడ కింది ప్రెస్సులో
ముప్పై ఒక్క ఏళ్ళు అక్షరాలు పేర్చాను.
ఎడమచేతిలో స్టిక్కు, కుడిచేయి కేసులో,
అక్షరాలన్నీ తలకిందులు,
పేర్చేవాడు మాత్రం తిన్నగా ఉన్నాడని నమ్మకం.

లైను చివర ఎప్పుడూ కాస్త ఖాళీ మిగిలేది.
మాటకీ మాటకీ నడుమ సీసపు రేకు దూర్చి
ఒత్తి చూసి, మళ్ళీ ఒకటి దూర్చి
రెండంచులూ సమంగా నిలబెడితే
చెంగల్వరాయ నాయుడుగారు వేలితో తడిమి
"బాగా తీర్చావు ఏసోబూ" అనేవారు.
ఆ రేకులు అచ్చులో పడవు.
ఎత్తు తక్కువ, సిరా అంటదు.
వరుసని పట్టి ఉంచేవి అవే.

ఆ ఏడు నవంబరులో
చాకలిపేట సంఘంవారి కరపత్రం వచ్చింది.
పేజీకి ఐదారుసార్లు "నీతిమంతులుగా తీర్చబడుట".
మూడో పేజీకే "తీ" అయిపోయింది.

గడి ఎందుకు ఖాళీయో నాకు తెలుసు.
అరిగిన టైపులే కదా అని
కిలో, కిలోన్నర చొప్పున
టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో
పుదుపేట పాతసామాన్ల కొట్టుకు మోసింది నేనే.

నాయుడుగారు మునిరత్నాన్ని పిలిచారు.
పదహారేళ్ళవాడు. రోలర్లు తుడిచి, మా గిన్నెలు కడిగి
రాత్రి తాళం వేసి వెళ్ళేవాడు.
తాళంచెవి వాడి దగ్గరుంది, ఇంకేం కావాలి.
వాడు నా వంక చూశాడు.
నేను స్టిక్కు వంక చూశాను.
సాయంత్రానికి కొక్కేనికి వాడి చొక్కా లేదు.

తర్వాత, సమర్థించుకోవడంలో
మంచి పనివాణ్ణయ్యాను.
పిల్లకి జ్వరం. నిజమే, వచ్చింది.
జీతం చాలదు. అదీ నిజమే.
నాయుడుగారు బోనస్ ఎగ్గొట్టలేదా?
వాడు కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు.
ఒక్కో రేకూ దూర్చి అంచులు కలిపాను.
ఒత్తి చూస్తే
ఎక్కడో ఒక అక్షరం కదిలేది.
జ్వరం ఆగస్టులోనే తగ్గింది.
టైపు అమ్మింది అక్టోబరులో.
ఆ డబ్బుతో కొన్నది క్రిస్మస్‌కి
లేతనీలం టెర్లిన్ చొక్కా.

అప్పు తీరుస్తాం, ఆకలి తీరుస్తాం,
తగువు తీరుస్తాం, గడపలో ముగ్గు తీరుస్తాం.
ఈ ఒక్కటి ఎలా తీరుతుందో
పాస్టరుగారు ఆదివారం చెప్పేవారు:
"నీతిమంతుడయ్యాడని కాదయ్యా, తీర్చబడ్డాడని.
ఆ 'బడ్డాడు' దగ్గర ఆగండి.
చేసేవాడు వేరే ఉన్నాడు."
వెనక బెంచీలో, లేతనీలం చొక్కాలో, నేనూ ఆగాను.
నాకు గుర్తొచ్చింది గెంటబడ్డవాడు.

ప్రెస్సు మూసేశాక
అక్షరాలనీ మెషీన్లనీ కిలోల లెక్కన అమ్మారు,
అదే పుదుపేటకి.

మొన్న రాయపురంలో, కల్మండపం దగ్గర
టీ బంకు వెనక వాణ్ణి చూశాను.
తల నెరిసింది. చేయెత్తి టీ తిరగపోస్తున్నాడు.
మూడు రోజులు అటువైపు పేవ్‌మెంటు మీదుగా నడిచాను.
నాలుగో రోజు మాటలు పేర్చుకుని వెళ్ళాను,
జ్వరంతో మొదలుపెట్టి.

"మునిరత్నం, అప్పుడు మా పిల్లకి..."

గ్లాసు నా ముందు పెట్టాడు.
"గిన్నెలు కడిగింది నేనే కదన్నా.
అడుగు గిన్నెలో సీసం నలుపు నాకు తెలీదా?"

మరి ఆరోజు ఎందుకు చెప్పలేదని అడగబోయాను.
వాడు ఎవరికో బన్ను అందించి
ఇటు తిరిగి, మామూలుగా,
"ఇంతకీ పిల్ల బాగుందా?" అన్నాడు.

బల్ల మీద నా వేళ్ళు
పాత అలవాటుతో రేకు కోసం తడుముకున్నాయి.
ఏదీ దొరకలేదు.
మా ఇద్దరి నడుమ ఖాళీ
ఖాళీగానే నిలబడింది.

వెళ్తూ యాభై నోటిచ్చి
ఉంచుకో అన్నాను.
వాడు నవ్వలేదు.
"టీ పన్నెండే అన్నా" అని
ముప్పై ఎనిమిదీ లెక్కపెట్టి
నా అరచేతిలో పెట్టాడు,
ఒక్క రూపాయి తేడా లేకుండా.