నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు

మా బ్రాడీపేటలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటారు,
ఎక్కం అప్పజెప్పినట్టు.
ఫిబ్రవరిలో నేను ఒకటి నుంచి పద్నాలుగు దాకా పరుగెత్తి
తిరిగొచ్చి గేటు తాళం తీస్తుంటే
చెయ్యి వణికేది కాదు.
యార్డు వైపు నుంచి గాలి తిరిగి
ఊరు ఊరంతా తుమ్ముతున్నా
నా ఊపిరి నా మాట వినేది.

ఇవాళ మూడో అడ్డరోడ్డు దగ్గరే
డొక్కలో పోటు.
బట్టల మూటతో వస్తున్న ఇస్త్రీ ఆదెయ్య
సైకిలు మీంచి ఒక కాలు దించి అడిగాడు:
"ఏం మేడమ్, ఇన్నాళ్ళూ ఊళ్ళో లేరా?"

ఊళ్ళోనే ఉన్నాను ఆదెయ్యా.
విస్తరి ముందు ఉన్నాను.

మార్చిలో బ్యాంకులో లెక్కలు తేలని రాత్రులు,
పదకొండింటికి మేనేజరు తెప్పించిన బిర్యానీ.
ఏప్రిల్లో మా ఆడపడుచు కూతురి పెళ్ళి,
తెనాలిలో ఒక భోజనం, నరసరావుపేటలో ఒక భోజనం,
మిగిలిన అరిసెలు మాత్రం మా ఇంట్లో.
మే నెలలో ఆవకాయ.
కలిపిన బేసిన్లో ఆఖర్న వేడన్నం వేసి
అంచులకంటిన కారాన్ని అన్నంతోనే తుడిచి
పిల్లలకి ముద్దలు పెడదామని కూర్చున్నదాన్ని
వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక కూడా
కూర్చునే ఉన్నాను.
మంచం కింద గడ్డిలో బంగినపల్లి
రోజుకొకటి పండి, రాత్రి రెండింటికి వాసనతో లేపేది.
టెంక చీకుతూ వంటింట్లో నిలబడ్డ నన్ను
చూసింది ఫ్రిజ్ దీపం ఒక్కటే.
అదీ తలుపు వేస్తే ఆరిపోయే సాక్షి.

పశ్చాత్తాపం అనుకునేరు.
కాదు.
ఆ ముద్ద మళ్ళీ పెడితే మళ్ళీ తింటాను.
కాకపోతే తిన్నదంతా ఇప్పుడు నాతో పాటు
పరుగెత్తడానికి వచ్చింది,
అలవాటు లేని చుట్టంలా
అడుగడుక్కీ ఆగుదామంటోంది.

నాలుగో అడ్డరోడ్డులో కోచింగ్ పిల్లలు
సంచుల బరువుకి ముందుకి వంగి బస్సు కోసం నిలబడ్డారు.
నన్ను చూడలేదు. నిద్ర ఇంకా వాళ్ళ ముఖాల మీదే ఉంది.
రిటైరైన లైన్‌మేన్ సాల్మన్ గారు
చేతికర్ర పొడుచుకుంటూ నన్ను దాటి వెళ్ళారు,
మర్యాదకి కాస్త నెమ్మదిగానే.

అయిదో అడ్డరోడ్డు గోధుమరంగు కుక్క
చలికాలమంతా నన్ను తరిమిన కుక్క
తలెత్తి చూసి
మళ్ళీ కాళ్ళ మధ్య పెట్టుకుంది.
పరుగెత్తేవాళ్ళనే కదా అది తరిమేది.

ఆ ఒక్క అవమానం డొక్కలో పోటు కంటే లోతుగా దిగింది.

ఆరో అడ్డరోడ్డు దాటాక
గన్నేరు చెట్లున్న ఒక పొడుగాటి గోడ.
ఆ గోడ పొడవునా
ఎందుకో తెలియదు
కాలు పడ్డ చోట కాలు పడింది,
ఊపిరి తనంతట తాను వచ్చి పోయింది,
ఒంట్లో ఎవరూ నాతో వాదించలేదు.
పదకొండు అడుగులు.
లెక్కపెట్టాను కాబట్టే చెడింది.

ఏడు దగ్గర ఆగిపోయాను.
మోకాళ్ళ మీద చేతులు, తల కిందికి.
ముక్కు చివర నుంచి జారిన చెమటలో
వెల్లుల్లి వాసన.
పట్టాల మీద ఏదో గూడ్సు
పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె,
దానికీ తొందర లేదు.

తిరుగు దారంతా నడిచాను.
కుక్క వైపు చూడలేదు.

వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరు.
ఇవాళ్టి గడిలో, అర లీటరు కింద,
తడి చేత్తోనే పెన్సిలు పట్టుకుని
4/7 అని రాశాను.

టిఫినుకి కూర్చుంటూ మా ఆయన అటు చూసి
"ఎవరి అడ్రసిది?" అన్నాడు.