పంపవలసినవి: 1

కంపెనీ చరిత్ర పది లైన్లలో రాసిమ్మని
సిడ్నీ నుంచి కబురు.
మిగిలిన పాతవాళ్ళలో నేనొక్కదాన్నేనట.
కరపత్రంలో వేస్తారట,
పక్కన ఎవరో నవ్వుతున్న బొమ్మతో.

బల్లరాట్, స్టర్ట్ వీధి, మూతబడ్డ బేకరీ మీద గది.
మెట్లెక్కుతుంటే పాత ఈస్టు వాసన.
గ్లెనిస్ ట్రెవార్తా నీళ్ళ మీటర్లు చూసే పని మానేసి
అప్పటికి నాలుగు నెలలు.
వానకి తడిసిన కాగితం మీద ఒక సున్నా అలుక్కుపోయి
ఒక ముసలమ్మకి ఈతకొలనంత బిల్లు వెళ్ళిందని,
పాపం ఆవిడ కట్టేసిందని,
ఆ కోపంతో పెట్టిన కంపెనీ ఇది.
కరపత్రంలో దాన్ని దార్శనికత అంటారు.

మొదటి యంత్రం ఇటుకంత.
పుల్లతో పొడిస్తేగాని పలికేది కాదు.
తడవకుండా బిస్కెట్ డబ్బాలో పెట్టుకు తిరిగేది గ్లెనిస్.
డబ్బా మూతే మా పేరైంది: టిన్‌లిడ్.

డారిల్ హార్ట్‌విగ్ కోడ్ రాసేవాడు, నేను విరగ్గొట్టేదాన్ని.
జీతమిచ్చింది అందుకే.
విమ్మెరా గోధుమ చేల నడుమ, సిగ్నల్ చచ్చిన చోట
నన్ను దింపి, "ఇక పాడుచెయ్యి" అని వెళ్ళిపోయేవారు.
నేను, రెండు యంత్రాలు, లెక్కలేనన్ని ఈగలు.
అక్కడ తట్టింది చద్దిమూట సంగతి.
లెక్కంతా వెంట కట్టుకుపో,
గాలి అందిన చోట విప్పు.
చద్దన్నమంటే ఏమిటో డారిల్‌కి చెప్పడానికి అరగంట,
అతను దాన్ని రాయడానికి పదకొండు వారాలు.
ఇప్పటికీ ఆ ఫైలు పేరు చద్ది.
కంపెనీ మూడు చేతులు మారినా ఎవరూ ముట్టుకోలేదు,
అదేమిటో తెలిస్తేగా.

తర్వాత బొత్తాల ఫోన్లు పోయి అద్దం ఫోన్లొచ్చాయి.
మేం రాసిందంతా రాత్రికి రాత్రి
పుల్లల కాలం నాటిదైపోయింది.
తొమ్మిది మందిమి తొంభై అయ్యాం.
మెల్‌బోర్న్‌లో ఒక అంతస్తు, అందులో ఎవరూ ఆడని టేబుల్ టెన్నిస్ బల్ల.
కొత్తగా వచ్చినవాళ్ళు పేరులోంచి అచ్చులు పీకేశారు.
అచ్చు లేని హల్లు నోట పలకదని
మాకు ఒకటో తరగతిలోనే చెప్పారన్నాను.
జోకనుకుని నవ్వారు.
ఆ వారమే గ్లెనిస్ వాటా అమ్మేసి గొర్రెలు కొనుక్కుంది,
వాటికి కనీసం నోరుంటుందని.

మొన్న చలికాలం వారక్నబీల్ నుంచి పార్సెల్.
నాన్న షెడ్డులో దొరికింది, మీదేమో, అని చీటీ.
క్లెమ్ ష్యూరర్ కూతురి రాత.
ఇటుక. ఉబ్బిపోయిన బ్యాటరీ.
దాన్ని నిలబెట్టే ఉయ్యాల నా సొరుగులో ఇంకా ఉంది.
సర్వర్లో దాని పాత గుమ్మమూ ఉంది,
మూసెయ్యమని మూడు టికెట్లొస్తే
మూడుసార్లూ మరిచిపోయాను.

పంపవలసినవి: 1.

విప్పింది మూట.
జనవరి 29, 2009. నలభై నాలుగు డిగ్రీలు. గేటు తాళం.
కుక్క ఉంది, మనుషులు లేరు. రీడింగు తీయలేదు.
గిన్నెలో నీళ్ళు పోశాను. మళ్ళీ వస్తాను.

ఇలాంటి ఉద్యోగి లేడంది సర్వరు, ఇలాంటి వీధి లేదంది.
కానీ చద్దిని తిప్పి పంపకూడదని డారిల్ పెట్టిన నియమం.
తీసుకుంది.
మళ్ళీ వస్తానన్నది చూసి, తనంతట తనే
ఆ పని హార్షమ్‌లో ఒక ఫోనుకి అప్పజెప్పింది.

ఆ ఫోను ఎపో అనే కరెన్ అమ్మాయిది.
క్లెమ్ ఆ గేటు ముందు నిలబడ్డ రోజుకి దానికి ఆరేళ్ళు.
ఎందుకని అడక్కుండా బండి తోలుకుపోయింది.
సాయంత్రం నాలుగుంపావుకి జవాబు:

గేటు లేదు. కుక్క లేదు.
మీటరు మట్టిలో దొరికింది, 0731.
గిన్నె ఉంది.