సగం విప్పిన పొట్లాలు

రాత్రి పదకొండు దాటినంక
"కొత్తయి వచ్చినయ్, పెట్టుకుంటవా?" అని అడిగింది కంప్యూటర్.
నిద్రమబ్బుల ఊఁ అన్న.
నాలుగు వందల పన్నెండు పొట్లాలు.
రెండు వందల అరవై దాంక విప్పింది.
గప్పుడే కొత్తవాడ మీద గాలిదుమారం లేసింది,
ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క దగ్గు దగ్గింది,
గల్లీ మొత్తం కండ్లు మూసుకున్నది.

తెల్లారి చూస్తె నల్లటి తెర.
మూలకు ఒక్క తెల్లగీత కొట్టుకుంటున్నది,
చెప్పు, ఏం చేద్దాం అన్నట్టు.

జంపఖానాల నమూనాలు నూట ముప్పై దాంట్లనే ఉన్నయ్.
మగ్గాల సంఘం పద్దు,
ఎవరు ఎన్ని కిలోల నూలు పట్కపోయిండ్రో ఆ లెక్క,
సోమవారం కాజీపేటల రైలెక్కాల్సిన
నెమలికన్ను అంచు.

"మొత్తం తుడిచి మల్ల ఎక్కియ్యుండ్రి మేడం, అర్ధగంట పని"
ఫోన్ల నయీంనగర్ రిపేరు పిలగాడు.
తుడుసుడంటె వానికి
బువ్వ తిని చెయ్యి కడుక్కున్నంత.

మామ గడపల కూసొని కండెలు చుడుతున్నడు.
"ఏమాయె నవనీతా?"
"దీనికి అది గావాలెనట మామా,
దానికేమొ ఇది గావాలెనట.
రెండూ సగంల నిలవడ్డయ్.
నువ్వు ముందు రా అంటె నువ్వు ముందు రా అంటున్నయ్."
"మా అన్నదమ్ముల పంచాయితే" అన్నడు, తల ఎత్తకుంట.

మొదలు తాళం తీసిన.
రాత్రి కరెంటుతోని సచ్చిపోయిన పని
తలుపుకు తన తాళం ఏసే పోయింది,
ఇంట్ల మనిషి లేడు, తాళం మాత్రం ఉన్నది.
తర్వాత, ఆగిన కాడికెల్లి నడువు అని కొట్టిన.
నడిచింది. గీతలు గీతలు, ఆసు పోసినట్టు.
తొంభై రెండో పొట్లం కాడ మల్ల అదే పంచాయితి.

చాయ్ సల్లారింది. నాకు కోపమొచ్చింది.
బలవంతంగనన్న పెట్టు అన్న.
రాయకూడని మాట రాసిన. మీట నొక్కిన.

తెర వచ్చింది!
బొమ్మ వచ్చింది, గడియారం వచ్చింది,
తెలుగు రాలే.
ఎక్కడ చూసినా పెట్టెలు,
ఖాళీ అగ్గిపెట్టెలు వరుసగ పేర్సినట్టు.
నూట ముప్పై నమూనాలల్ల నెమలికన్ను ఏదో
బాకీ ఎవరిదో
ఏదీ తెల్వదు.

మామ లేచొచ్చి నా ఎనుక నిలవడ్డడు.
ఆయన సదివేది ఒక్క తన పేరే,
కూలి పట్టీ మీద ఏలుముద్ర పక్కన.
"నాది దొరుకుతది లే, కొమురెల్లికి నాలుగు గదా,
నాలుగు పెట్టెలున్నకాడ నేను."
లెక్కవెట్టి చెప్పిన, నాలుగు గాదు మామా, పది.
అక్షరానికొకటి, కొమ్ముకొకటి, గుడికొకటి,
పొల్లుకు సుత ఒకటి.
అందరూ ఏరువడ్డరు.
"నా పేరుల పది మందున్నరా?"
ఆయన మొఖం సూడాలె అప్పుడు.

ఇగ బలవంతం బందు వెట్టిన.
ఎర్రగ ఉన్న గీతలన్ని మొదటికెల్లి సదివిన,
ఏలు తెర మీద పెట్టి, ఒకటో తరగతి పోరి లెక్క.
అరవై నాలుగో గీతల ఉన్నది అసలు సంగతి:
పాత అక్షరాల పొట్లం పోలేదు,
కొత్తది లోపటికి రాలేదు,
ఒక్క తొవ్వల రెండూ ఇరుకుకున్నయ్.
పాతదాన్ని మర్యాదగ బయటికి పంపిన.
కొత్తదాన్ని నా ఫోన్ నెట్టుతోని తెచ్చిన.
ఇంత పెద్ద లొల్లికి అదెంతున్నదనుకున్నరు?
ఒక్క పెండ్లి ఫొటో అంత లేదు.

రెండు గొట్టంగ
ముందుగాల ఒక గుడి వచ్చి ల నెత్తినెక్కింది.
కొమ్ము వచ్చి మ కు అతుక్కున్నది.
పెట్టెలు ఒక్కటొక్కటే మూతలు తీసినయ్.
నెమలికన్ను. యాభై కౌంటు నూలు. చింతకింది ఓదెలు, బాకీ మూడు వేల రెండు వందలు.
ఓదెలు బాకీ పోలేదని నాకు గంత సంబురమైతదనుకోలే.

ప్రింటర్ మాత్రం ఇంక అలిగే ఉన్నది.
ఉండనీ, రేపు దాని సంగతి.
ఇంతల కరెంటొచ్చింది, పక్కింట్ల మరమగ్గం మొదలైంది.
మామ కండె చుట్టుకుంట
ఏళ్లు మడిచి లెక్కవెడుతున్నడు,
ఎనిమిది దాంక వచ్చి ఆగిండు,
"నవనీతా, ఇంక ఇద్దరెవరు?"