ఉత్తరం వైపు గది

విమానం దిగేసరికి ఇంకా తెల్లవారలేదు.
తెర మీద అంకె: మైనస్ ముప్పై ఒకటి.
పీల్చిన గాలి ముక్కులోనే చిన్న చిన్న మేకులైంది.
అద్దాల తలుపు అవతల
హోటల్ పేరున్న పలక పట్టుకుని ఒకామె,
నా పేరులో రెండక్షరాలు తారుమారు చేసి,
అయినా చూడగానే నేనేనని పోల్చేసి.

దులామ్‌సురెన్.
తన పేరు మూడుసార్లు పలికించింది.
మూడోసారికి జాలిపడి వదిలేసింది.

ఉలాన్‌బాతర్ ఇంకా యాభై కిలోమీటర్లు.
లోయంతా మంచు, మంచంతా ఖాళీ.
ఒకచోట గుర్రాలు రోడ్డుకడ్డంగా నిలబడి
హెడ్‌లైట్ల వెలుగుని నమిలి చూస్తున్నాయి.
ఆమె హారన్ కొట్టలేదు.
దీపాలార్పి, అవి కదిలేదాకా
ఫ్లాస్కు మూతలో ఉప్పేసిన పాలటీ పోసిచ్చింది.
మొదటి గుక్కకి నాలుక తిరగబడింది,
రెండో గుక్కకి రాజీ పడింది.

ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు.
మధ్యలో ఫోను.
అందులోంచి ఏ చలీ ఎరగని ఆడగొంతు అడిగింది:
"నీ కిటికీ ఎటు చూస్తుంది?"

వేదాంతమేమో అనుకున్నాను.
ఈసారి స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి
గాలిలో కొండవాలు గీసింది, కంచె గీసింది, గొట్టం గీసింది.
కొడుకు తుగుల్దుర్. తొమ్మిదేళ్లు.
ఆమె రాత్రి డ్యూటీ రోజుల్లో
ఉన్నిచాపల గుండ్రటి ఇంట్లో ఒక్కడే పడుకుంటాడు.
ఎనిమిదింటికి లేచి పొయ్యి రాజేయాలి.
వాడి ఫోను నిన్ననే చలికి చచ్చిపోయింది.
పొరుగామె ఊళ్లో లేదు.
తనకింకా రెండు విమానాలున్నాయి.
నీలం గేటు. దాని మీద రెండు టైర్లు. ఎడమ నుంచి మూడో గొట్టం.
"పొగ వస్తే చెప్పు."

గిరగిరా తిరిగే తలుపు ఒక్క తిప్పులో నన్ను
చలికాలంలోంచి దేవదారు వాసనలోకి విసిరేసింది.
గాజుదీపాల గుత్తి కింద కుర్రాడు, టైకి బంగారు పిన్ను.
"దక్షిణం వైపు గది సార్, పదిహేడో అంతస్తు.
నది, నది వెనక పర్వతం. మీరడక్కుండానే పెద్దదిచ్చాం."

ఉత్తరం వైపు కావాలన్నాను.
కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.
"అటు ఏమీ కనపడదండీ. పొగే."
"అదే కావాలి."

మేనేజరొచ్చి నా ముఖాన్నీ, బూట్లనీ, కార్డునీ
వరసగా చూసి
చిన్న గది తాళమిచ్చాడు, పైసా తగ్గించకుండా.

మంచం మీద ఆరు దిండ్లు,
ఏ దిండు మీద నిద్రపోతారో చెప్పమనే కాగితం.
కోటు విప్పకుండానే కిటికీకి నుదురానించాను.
కొండ మీద వేల గొట్టాలు, వేల పొగలు
కలిసిపోయి ఒకటే ముతక దుప్పటి.
ఫోను కెమెరాని సాగదీసి సాగదీసి
బియ్యంలో రాయి ఏరినట్టు వెతికాను.
నీలం గేట్లు నాలుగున్నాయి. టైర్లున్నది ఒకటే.

ఎనిమిదీ పది.
ఎనిమిదింబావు.
అటూ ఇటూ గొట్టాలు హాయిగా ఊదుతున్నాయి,
ఆ ఒక్కటే నోరు మూసుకుంది.
తొమ్మిదేళ్ల వేళ్లు, చెమ్మగిల్లిన అగ్గిపెట్టె,
దుప్పట్లో ఇంకో ఐదు నిమిషాలు.
వీటికి నేనెవరిని?
ఉన్ని బేరానికొచ్చినవాణ్ణి. మూడు రాత్రులవాణ్ణి.

అప్పుడు, నల్లగా, ఒక వెంట్రుక.

"వచ్చింది" అని పంపాను.
దారిలో ఎక్కడో బండి ఆపి కొట్టినట్టు వెంటనే జవాబు:
"నల్లగానా, తెల్లగానా?"

ఎందుకడిగిందో తెలియలేదు. మళ్లీ చూశాను.
నలుపు. ఇంకా నలుపు.
లోపలెవరో వంగి ఊదినట్టు ఒక ఉలికిపాటు.
బూడిదరంగు. ఆ తర్వాత
పాలు పొంగేముందు లేచే ఆవిరంత తెలుపు.

"తెల్లగా."

చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత ఒక గుర్రం బొమ్మ వచ్చింది.

కోటు అప్పుడు విప్పాను.
గదిలో ఫోను మోగింది. టైపిన్ను కుర్రాడు:
"దక్షిణం గది ఇంకా ఖాళీగానే ఉంది సార్. మారతారా?"

వద్దన్నాను.
రేపు ఎనిమిదింటికి ఇక్కడ పనుంది నాకు.