బుట్టచేతులు

నరసాపురంలో ఖాజావలి దుకాణం ఎత్తేసిన రోజు
ఆ కాలు మిషను నేను కొన్నాను,
మూడువేల రెండొందలకి. ఆటో కిరాయి కూడా నాదే.
సొరుగులో తుప్పు సూదులు, అరిగిన సుద్దముక్క,
అడుగున
పెళుసెక్కిన పేపరు ముక్కలు:
మెడ ఆకారంలో ఒకటి, వీపు ఆకారంలో ఒకటి,
చేతి ఆకారంలో ఒకటి.
చేతి మీద సగం వార్త,
"గోదావరికి మూడో ప్రమాద హెచ్చ"
అక్కడ కత్తెర వంపు తిరిగింది.
పక్కన పెన్సిలు రాత:
దీనమ్మ నర్సు. చెయ్యి ఏడున్నర. బుట్ట. లేసు తనదే.

ఎవరీ దీనమ్మ?
ఖాజావలిని అడిగితే కళ్లజోడు తుడుచుకున్నాడు.
"మా నాన్న చేతిరాత" అన్నాడు,
చాలాసేపు అదే చూశాడు.

ఆదివారం సంతలో మీటరు తొంభైకి తెచ్చిన
ఊదా చుక్కల వాయిలు మీద
ఆ కాగితాలు పరిచి పిన్నులు గుచ్చాను.
భుజం సరిపోయింది. చెయ్యి సరిపోయింది.
నడుం దగ్గరే పేచీ,
ఆవిడకీ నాకూ రెండంగుళాల తేడా.
ఇద్దరు పిల్లల్ని తలుచుకుని
ఆ రెండంగుళాలూ వదిలాను.

బుట్టచెయ్యి కుట్టాలంటే
అక్కర్లేనంత గుడ్డ ఇవ్వాలి ముందు.
తర్వాత దారం లాగి
ఆ అక్కర్లేనిదంతా కుచ్చుల్లో సర్దాలి.
మా అమ్మ మీటరు ముక్కలో రెండు జాకెట్లు పిండేది.
అక్కర్లేనంత ఏదైనా
ఇంట్లోకి రావడం నాకు తెలిసి ఇదే మొదలు.
మొదటి చెయ్యి మూడుసార్లు విప్పాను.
రెండోది తిరగేసి కుట్టాను, అర్ధరాత్రి నవ్వొచ్చింది.

అంచుకి లేసు రాహేలు పిన్ని ఇచ్చింది.
ఎగుమతి వాళ్లకి అల్లే పువ్వే, మూరెడు దాచిపెట్టింది.
"ముప్పై ఏళ్ల నుంచీ అల్లుతున్నానే,
ఇది మనిషి ఒంటి మీద ఎలా ఉంటాదో చూడలేదు.
ఏదీ, అటు తిరుగు."
తిరిగాను.
ఇంకోసారి తిరగమంది.

తెల్లారి అయిదింటికి కంపెనీ బస్సు.
"ఏంటే, నాటకమా?"
"చర్చిలో పెళ్లేమో!"
"ఇవాళ ఏంటమ్మా విశేషం?"
మంగళవారం, అన్నాను.

రొయ్యల షెడ్డులో
జాకెట్టు మీద నీలం కోటు, తలకి టోపీ,
చేతులకి తొడుగులు, కాళ్లకి బూట్లు.
ఐసు ముందు నిలబడి ఎనిమిది గంటలు
తల తుంచడం, పొట్టు లాగడం, నరం తీయడం.
కోటు లోపల బుట్టలు రెండూ
చల్లారిన పూరీల్లా చప్పబడి ఉంటాయి.
అయినా ఉన్నాయని నాకు తెలుసు.
కుచ్చు గరుకు భుజానికి తగులుతూనే ఉంటుంది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

సాయంత్రం గేటు బయట
వేలు లోపలికి పోనిచ్చి
ఒక్కో కుచ్చూ లేపుతాను.
నీచు వాసన పోదు, లేసుకి కూడా పట్టింది.
నిమ్మచెక్క రుద్దినా పోలేదు.
దీనమ్మ జాకెట్టుకి
డెట్టాలు వాసన ఉండేదేమో.

నిన్న గంగారత్నం నా పక్క సీట్లో కూచుంది.
ఏమీ అనకుండా చెయ్యి చాపింది.
టేపు లేదు.
ఐసు పెట్టెకి కట్టే ప్లాస్టిక్ పట్టీ
దండ చుట్టూ తిప్పి గోటితో గుర్తు పెట్టాను.
"బుట్ట మరీ పెద్దది వద్దు.
మా ఇంట్లో మనిషి ఏమంటాడో."
సరే అన్నాను.
బస్సు మొగల్తూరు దాటింది.
చెరువుల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి.
ఇంకో రెండు వంతెనలు దాటాక
కిటికీలోంచి మొహం తిప్పకుండానే అంది:
"పెద్దదే పెట్టు."