ముప్పై రెండో ఫుట్‌నోట్

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా
రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను,
కిర్రుమనకుండా తిరగలేని ఫ్యాను.
ఇంగ్లీషుకు పేజీ పదిహేను. తెలుగుకు పద్దెనిమిది.
ఒత్తులకు మూడు రూపాయలు ఎక్కువ.

తెలుగులోనే రాస్తానని గైడుతో పోట్లాడి
తహసీన్ మేడం తెచ్చిన థీసిస్
నాలుగు నెలలుగా కొడతావుండాను.
తొమ్మిది దేశాలు, తొమ్మిది చట్టాలు,
నమ్మేదానికి, నమ్మకపోయేదానికి
ఎవరెవరు ఎంత చోటిచ్చినారని
అడ్డంగా నిలువుగా గీసిన గడులు.

అమెరికా గడిలో ఒకే ఒక్క వాక్యం.
ఈ పని చెయ్యబాకని
చట్టసభకే చెప్పే చట్టం.
తన చేతులు తానే కట్టేసుకున్న వస్తాదు!
ఫ్రాన్సు ఏ మతాన్నీ గుర్తించదంట, జీతమియ్యదంట.
ఆ మాట కొడతావుంటే
కొండకు పొయ్యే బస్సు హారన్ కొట్టింది.
ఒక 'వ' ఎక్కువ పడింది.

మన అధికరణం 'లోబడి' అనే మొదలౌతుంది.
శాంతికి లోబడి, నీతికి లోబడి, ఆరోగ్యానికి లోబడి
ఆ తర్వాత అంతరాత్మ.
సినిమాకు పొమ్మని చెప్పి
గడప కాడ నిలబెట్టి షరతులు చదివే మా నాయన మాదిరి.
అయినా పంపిస్తాడు.
అది కూడా చెప్పాల.

గ్రీసు కాడ మాత్రం నా చెయ్యి ఆగింది.
'తెలిసిన మతాలన్నిటికీ స్వేచ్ఛ.'
తెలిసిన అంటే, ఎవరికి మేడం?
పాకాల అవతల చేని గట్టు మీద
మా అమ్మ మంగళవారం పసుపు పూసే రాయి ఒకటుంది.
దాని పేరు మా అమ్మకే సగం తెలుసు.
మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకునింది.
'అదే కదా కేసు' అనింది.

మా ఓనరు దొరస్వామి
షాపులో ఒక్క పటం కూడా పెట్టడు.
తిరపతిలో వుండి ఇదేందప్పా అని అడిగినోళ్ళకు
మేకుకు తగిలించిన కరెంటు బిల్లు చూపిస్తాడు.
ఆయప్పను ఏ గడిలో ఎక్కించాలో
తొమ్మిది దేశాల్లో ఎతికినా.
కొన్నిట్లో కుర్చీ వేసినారు.
కొన్నిట్లో కాయితం మీద మాత్రమే వేసినారు.

ఐదో అధ్యాయం: దైవదూషణ.
ఒక చోట జరిమానా, ఒక చోట జైలు,
పొరుగునే ఒక చోట ఉరి.
ఐర్లాండు మొన్ననే జనాన్ని అడిగి కొట్టేసింది.
'ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో' అని
మన సెక్షను కొడతావుండంగా
బయట డప్పు.

గంగజాతర రెండోనాడు.
ఒళ్ళంతా కుంకుమ, మెడలో పూలు,
బండ వేషంలో గంగులప్ప.
మాకు పేపరు రీములు ఏసే మనిషి,
ఏడాదంతా 'అమ్మా' తప్ప మాట రానివాడు.
నోరు తెరిచినాడు.
గంగమ్మను తిట్టినాడు, దొరస్వామిని తిట్టినాడు,
నన్నూ, కంప్యూటర్నూ, దాని తల్లినీ తిట్టినాడు.
ఆ మాటలు నేను టైపు చెయ్యను.
తిట్టకపోతే మొక్కు తీరదు.
దొరస్వామి చేతులు కట్టుకుని
అన్నీ బుద్ధిగా ఇన్నాడు.

మేడం చున్నీ నోటికడ్డం పెట్టుకుని
కండ్లలో నీళ్ళొచ్చేదాకా నగింది.
నగి, నగి, ఒక్కసారిగా గమ్మునైపోయింది.
'దీన్ని ఏ గడిలో పెట్టేది?' అనింది.
తిట్టే పూజైన చోట
దూషణ అంటే ఏమి?
ఎవరు కొలవాల? ఏ కొలతతో?

ఆ రాత్రే ముప్పై రెండో ఫుట్‌నోట్ రాసింది, ఆరు వరుసలు.
ఆధారం: గంగులప్ప, నోటిమాట.

గైడు ఎర్రపెన్నుతో అడ్డంగా గీటు పెట్టినాడు.
పక్కన ఒకే మాట: 'అనవసరం.'
మేడం తీసెయ్యమనింది.
సరే అన్నాను.

తియ్యలా.
అక్షరాల రంగు తెలుపు చేసినా, అంతే.
ఐదు కాపీలు బైండింగుకు పొయినాయి,
నల్ల అట్ట, బంగారు అక్షరాలు.
రెండొందల పద్నాలుగో పేజీ అడుగున
ముప్పై ఒకటికీ ముప్పై మూడుకూ నడుమ
ఆరు వరుసల తెల్లచోటు.

లెక్క తప్పిందని ఎవురన్నా వస్తారేమోనని
చూస్తావుండాను.